చెవి అందే ఈడు

తుంగతుర్తిలో గొర్రెలు కాసే బీరప్ప భార్య అలివేలు కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. తింటూ తింటూ లేస్తుంది, మాట్లాడుతూనే వాకిట్లోకి వెళ్లి వస్తుంది. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు ఆ కుదురులేనితనం మరీ ఎక్కువైంది. కూతురు కొమురమ్మ ఎప్పుడు పుట్టిందో రాసిపెట్టినవాళ్లు లేరు. కుడిచెయ్యి నడినెత్తి మీదుగా వెళ్లి ఎడమచెవిని అందుకుంటేనే బడి ఈడు వచ్చినట్టు. అలివేలు రోజూ పొద్దున్నే పిల్లను నిలబెట్టి చూసేది, ఊపిరి బిగబట్టమనేది, భుజం పట్టి లాగేది. ఎంత చేసినా వేలెడు దూరం మిగిలేది.

"ఈయేడు అందకపోతే గొర్రెపిల్లల ఎంబడి పంపుత. మల్ల బడి మాటెత్తకు," అన్నాడు బీరప్ప.

బడిలో చేర్చుకునే రోజు ఆమె గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తీసి, పిల్ల ఒత్తయిన జుట్టంతా కుదుళ్లకంటా కత్తిరించేసింది. ఆ బోడినెత్తి చూసి పంతులు, "ఏం, మొక్కు తీర్చుకున్నరా?" అని అడిగాడు.

"ఎంటికలు అడ్డమొస్తున్నయి పంతులూ. ఇగ సూడుండ్రి."

కొమురమ్మ వేలికొస చెవిని తాకింది. పంతులు నవ్వు ఆపుకుని పేరు రాసుకున్నాడు.

అలివేలు ఇంటిదారి పట్టి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి కిటికీలోంచి చూసింది. పిల్ల పలక పట్టుకుని కూర్చుంది. అలివేలు కుడిచెయ్యి తనకు తెలియకుండానే నెత్తి మీదుగా పోయి ఎడమచెవిని పట్టుకుంది. అది ఎన్నేళ్ల కిందటే అందిందో ఏమో! అప్పుడు చూసినవాళ్లెవరూ లేరు.