ఎర్రదుమ్ములో అత్త బండి

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న ఇపో పట్నంలో నేను పనిచేసే పళ్ల డాక్టరు క్లినిక్ తలుపులు తీస్తుండగా ఫోన్ మోగింది. అత్త నంబరే. "ఏటత్తా, ఇంత పొద్దున్నే?" అన్నాను. అవతల నుంచి మామయ్య గొంతు వచ్చింది.

"గుంటా, మీ అత్త ఎల్లిపోనాది. టీ ఎట్టి లేపినాను. లెగనేదు."

గుంట అంటే మా ఇళ్లల్లో ఆడపిల్ల. నలభై దాటినా వాళ్లిద్దరికీ నేను గుంటనే. క్లినిక్ తలుపు సగం తీసి ఉంది. దాన్ని మళ్లీ మూసి, అత్తావాళ్ల ఊరు బాగన్ దాతుక్ బయల్దేరాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. బాగన్ దాతుక్‌లో, తాతల కాలంలో మా తెలుగువాళ్లు వచ్చి స్థిరపడ్డ ఆ మలాయ్ ఊళ్లో, ఎవరినడిగినా బడి వాన్ నడిపే ఆవిడ అనే చెబుతారు. తెలుగు, తమిళ, మలాయ్, చైనా పిల్లలందరినీ ఇళ్ల ముందు ఎక్కించుకుని బడికి చేర్చేది, మధ్యాహ్నం మళ్లీ దింపేది. వాన్‌లో పాటలు పెట్టేది కాదు. పిల్లలు మాట్లాడుకునేది వినాలనేది. ఎవరి ఇంట్లో గొడవో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో తల్లులకన్నా ముందు ఆమెకే తెలిసేది. పొద్దున్నే పాత పేపరు తడిపి ముందు అద్దం తుడిచేటప్పుడు, చిన్నప్పుడు అదే వాన్‌లో బడికి వెళ్లే నేను ఆలస్యమైపోతోందని కంగారుపడితే, "బండికి తొందరుండదు గుంటా. తొందరంతా మనకే" అనేది.

అలాంటి మనిషి, యాభై దాటాక, హెల్మెట్ పెట్టుకుని, తలుపులు వెల్డింగ్ చేసేసిన పాత పికప్ బండిలోకి కిటికీలోంచి దూరి, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మట్టి ట్రాక్ మీద మగవాళ్లతో పోటీపడి పందెం తోలింది. చెప్తే నమ్మేవాళ్లు తక్కువ. నేనూ చూసేదాకా నమ్మలేదు. చూశాక, ఇన్నేళ్లయినా ఆ ఆశ్చర్యం నాలో తగ్గలేదు. ఈ నాలుగు ముక్కలూ అందుకే.

నిజానికి ఆ పందేలు మామయ్యవి. పామాయిల్ తోటలో గెలలు కోసే పని ఆయనది. సెలవు దొరికితే పికప్‌కి రంగు వేసుకుని, ఇపో అవతల పాత తగరం గనులు మూతపడ్డ నేల మీద చదును చేసిన ఆ ట్రాక్‌కి వెళ్లేవాడు. అత్త పులిహోర కట్టిచ్చేది గానీ ఎప్పుడూ వెంట వెళ్లేది కాదు. "నీ పిచ్చి నీది, నా వాన్ నాది" అనేది.

ఒకరోజు తోటలో కోసిన గెల ఒకటి జారి మామయ్య కుడి భుజం మీద పడింది. పామాయిల్ గెల అంటే ముళ్లున్న బండరాయి లాంటిది. ఎముక అతికింది గానీ చెయ్యి నడుము దాటి పైకి లేవలేదు. గెలల పని పోయింది, పందేలూ పోయాయి. పికప్ మీద టార్పాలిన్ కప్పి, వసారాలో కూర్చుని దానివైపు వీపు పెట్టేవాడు. మాట్లాడటం మానేశాడు. అన్నం ముందు పెట్టినా, టీవీ పెట్టినా ఒకటే. ఆ నెలల్లో నేను వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో అత్త ఒక్కతే ఇద్దరి మాటలూ మాట్లాడుతుండేది.

చివరికి బండి అమ్మేద్దామన్నాడు. సుంగై సిపుట్ నుంచి ఒక తమిళ కుర్రాడు కొనడానికి వచ్చాడు. ఆరోజు నేను అక్కడే ఉన్నాను. తోలి చూపించేవాళ్లు ఎవరూ లేక, అత్తే చీర కొంగు దోపుకుని కిటికీలోంచి లోపలికి దిగింది. ఇంజిను దగ్గి, ఆగి, మళ్లీ అందుకుంది. కొబ్బరి ఆరబెట్టే కళ్లం చుట్టూ ఒకసారి తిప్పింది. మేము చూస్తుండగానే ఇంకోసారి తిప్పింది. ఆ తర్వాత చుట్టులో బండి వెనక భాగం కొద్దిగా జారింది, అత్త దాన్ని సర్దుకుంది. వసారాలో మామయ్య లేచి నిలబడ్డాడు.

అత్త ఇంజిను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "మన్నించు తంబీ, ఇది అమ్మం" అంది ఆ కుర్రాడితో.

"అమ్మకపోతే ఎవులు తోల్తారే దీన్ని?" అన్నాడు మామయ్య. అన్ని నెలల్లో ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"నువ్వు సెప్పు. నాను తోల్తాను."

అలా మొదలైంది. కొత్త మొక్కలు వెయ్యడానికి పాత చెట్లు కొట్టేసిన ఖాళీ నేల ఒకటి తోటలో ఉండేది. సాయంత్రాలు అక్కడ అత్త తోలేది, మామయ్య ఒక మొద్దు మీద నిలబడి చేతి రేడియోలో చెప్పేవాడు. ఇలాంటి పందేల్లో డ్రైవరుకి ముందూ పక్కలూ సరిగ్గా కనిపించవు. ఎత్తు మీద ఒక మనిషి నిలబడి, ఎవరు ఎటునుంచి వస్తున్నారో రేడియోలో చెబుతుండాలి. మొదట్లో ఇద్దరికీ ఒకటే పోట్లాట.

"లోపలికి తిప్పమన్నాను గదే! సెవుల్లో ఏటెట్టుకున్నావు?"

"నువ్వు సెప్పేలోపల మలుపు అయిపోనాది. మలుపు రాకముందే సెప్పాల. అయినాక సెప్పడానికి నువ్వెందుకు లా?" మలాయ్ వాళ్లు మాట చివర తగిలించే "లా" కోపం వస్తే అత్త నోటా వచ్చేది.

పోట్లాడుకుంటూనే నేర్చుకున్నారు. ఆయన ముందుగా చెప్పడం నేర్చుకున్నాడు. ఆమె ఎందుకని అడగకుండా తిప్పడం నేర్చుకుంది. రాత్రి భోజనాల దగ్గర మళ్లీ మామయ్య నవ్వు వినిపించసాగింది.

మా వాళ్లలో అందరూ ఒప్పుకోలేదు. ఉగాదికి గుడి దగ్గర పెద్దావిడ ఒకరు, "ఈ వయసులో ఆడదానికి ఇవేటమ్మా?" అంది. అత్త ప్రసాదం తింటూ, "వయసులో ఉన్నపుడు తీరిక నేదు పిన్నీ" అని ఊరుకుంది.

మొదటి పందానికి నన్నూ తీసుకెళ్లారు. చుట్టూ సున్నపురాయి కొండలు, మధ్యలో ఎర్రమట్టి ట్రాక్, బయటివైపు నిలువెత్తు కాంక్రీటు గోడ. గేటు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న మలాయ్ ఆయన అత్తని చూసి చాలా మర్యాదగా, "మక్చిక్, చూసేవాళ్లు అటువైపు" అన్నాడు. మలాయ్‌లో మక్చిక్ అంటే అత్త, పిన్ని లాంటి పిలుపు. అత్త కూడా అంతే మర్యాదగా మలాయ్‌లో, "చూడ్డానికి రాలేదు బాబూ, తోలడానికి వచ్చాను" అంది. ఆయన ఆమె కాళ్లకున్న మట్టెల వైపు చూశాడు, తర్వాత బూట్లు వేసుకుంటున్న తీరు చూశాడు. పక్కకి జరిగి గేటు తీశాడు.

ఇనుప గొట్టాలతో కట్టిన మంచె మీదికి మామయ్యతో పాటు నేనూ ఎక్కాను. బండ్లన్నీ ఒక్కసారి కదిలేసరికి మంచె వణికింది. నా పళ్లు ఒకదానికొకటి తగిలాయి. అంత చప్పుడులోనూ మామయ్య గొంతు పెంచలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో చెబుతున్నట్టుగా చెబుతున్నాడు. "మీదకి రా... ఇంకొద్దిగా... అలగే ఉంచు. ఎనకాల ఒకడొస్తన్నాడు, రానీ... ఇప్పుడు కిందికి." మీద అంటే గోడవైపు, కింద అంటే లోపలివైపు. అవతల నుంచి అత్త ప్రతిదానికీ "ఊఁ" అంటోంది. అంతే.

పందెం సగం దాటేసరికి అత్త ముందు రెండే బండ్లున్నాయి. పొద్దున్న చల్లిన నీళ్లు ఎండకి ఇంకిపోయి దుమ్ము లేస్తోంది. అప్పుడు, దూరపు మలుపులో, ఆ ముందు బండ్లు రెండూ ఒరుసుకున్నాయి. లోపలివైపుది గిర్రున అడ్డం తిరిగి ఆగింది. బయటివైపుది గోడకి కొట్టుకుని, వెనక్కి ఎగిరి, పక్కకి ఒరిగి పడింది. వాటి మీద ఎర్రదుమ్ము గోడలా లేచింది. అత్త బండి నేరుగా దానిలోకి పోతోంది.

ఆగే దూరం లేదు. బ్రేకు వేస్తే వెనక ఆనుకుని వస్తున్న బండి అత్తని గుద్దుతుంది. జెండా ఊపుతున్నారు గానీ ఆమెకి అది కనిపించే వేళ దాటిపోయింది.

"బ్రేకు ముట్టుకోకు. రెంటి మద్దిన ఎల్లు" అన్నాడు మామయ్య. అత్త "ఊఁ" అంది. బండి దుమ్ములోకి దూరి మాయమైంది.

అప్పుడే నాకు కనిపించింది. దుమ్ము పైన, పసుపు రంగు హెల్మెట్ ఒకటి. ఒరిగిన బండి డ్రైవరు బయటికి ఎక్కి, భయంతో లోపలివైపుకి పరుగు పెడుతున్నాడు. ఆ రెండు బండ్ల మధ్యకి, మామయ్య అత్తని పంపిన చోటికే.

మామయ్య గొంతు అప్పుడూ మారలేదు. "మద్దిన వొద్దు. గోడకి ఎల్లు. గోడకి రాసుకుని పో."

"ఊఁ."

దుమ్ములోంచి ఇనుము గీరుకుంటున్న చప్పుడు వచ్చింది. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది ఆ చప్పుడు. ఒరిగిన బండికీ గోడకీ మధ్య ఒక బండి పట్టేంత చోటే ఉందని తర్వాత తెలిసింది. అత్తకి అదేమీ కనిపించలేదు. ముందు అద్దం నిండా ఎరుపు తప్ప ఏమీ లేదు. మామయ్య కుడిచేయి నా మణికట్టు పట్టుకుని ఉందని నాకప్పుడే తెలిసింది, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా.

తర్వాత దుమ్ము అవతలి అంచు చీల్చుకుని అత్త బండి బయటికి వచ్చింది. గోడవైపు పక్కంతా రేకు చీరుకుపోయింది, అద్దం ఊడిపోయింది, చక్రం ఒకటి వంకరగా తిరుగుతోంది. రేడియోలో అత్త గొంతు: "ఎవులికీ ఏటీ అవలేదు గదా?"

మామయ్య రేడియో నావైపు చాపాడు. నేనే రేడియో అందుకుని, "నేదత్తా, ఎవులికీ ఏటీ అవలేదు" అన్నాను. చెప్పాక ఏడుపొచ్చింది.

పందెం ఆపారు. పసుపు హెల్మెట్ కుర్రాడు అత్త దగ్గరికి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో, మలాయ్ పిల్లాడు. "మక్చిక్, మీరు నన్ను చూశారా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అంది అత్త మలాయ్‌లో. మంచె దిగి వస్తున్న మామయ్య వైపు చెయ్యి చూపించి, "ఆయన చూశాడు" అంది.

కుర్రాడు మామయ్య చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఆ చేతులు తన గుండెకి ఆనించుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా వింతగా తోచింది. అత్త బండికి చక్రం మార్చాక, పందెం మళ్లీ మొదలుపెడుతున్నారని తెలియగానే అత్త మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ కిటికీలోంచి లోపలికి దూరింది. నేను చెయ్యి పట్టుకుని ఆపబోయాను.

"అత్తా, కంటికి ఏటీ కనిపించకుండా అలగ ఎలగెల్లినావు? భయం నేదా?"

"ఎందుకుండదు గుంటా? ఉంది. కాని మీ మావ గొంతులో నేదు గదా."

ఆరోజు ఆమె మూడోదిగా వచ్చింది. ఇచ్చిన కప్పుని వంటింట్లో గరిటెలు పెట్టుకోవడానికి వాడుకుంది. చాలా లోతుగా ఉంది, బాగా పనికొస్తోందని మురిసిపోయేది.

ఆ తర్వాత చాలా పందేలు తోలింది. కొన్ని గెలిచింది. మిగతా జట్లవాళ్లు వీళ్లిద్దరి రేడియో మాటలు దొంగతనంగా వినేవాళ్లట. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదట. మా ఇళ్లల్లో పిల్లలకి తెలుగు వినపడితే తెలుస్తుంది, నోటికి రాదు. నాకూ అది పూజలకీ తిట్లకీ మిగిలిన భాష అనిపించేది. ఆ మంచె మీద నిలబడ్డ రోజున, "గోడకి రాసుకుని పో" అన్న ఆ చిన్న మాట ఇద్దరి ప్రాణాలు కాపాడటం కళ్లారా చూశాను. ఇంటికొచ్చి నా కూతురితో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. అది ఇప్పుడు వచ్చీరాని తెలుగులోనే నాతో పోట్లాడుతుంది. అత్తకి అది వింటే ఎంత సంతోషమో!

మోకాళ్లు సహకరించక పందేలు మానేసినప్పుడు అత్త ఏమీ బాధపడలేదు. "సూడాల్సింది సూసినాను" అంది. వాన్ మాత్రం పోయిన వారం దాకా తోలింది.

మంగళవారం సాయంత్రం ఆమెని శ్మశానానికి తీసుకెళ్లాం. అత్తని మోసుకుని ఇంటిముందుకి వచ్చేసరికి తోట రోడ్డు పొడవునా పికప్ బండ్లు ఆగి ఉన్నాయి. ఇపో నుంచి, ఇంకా దూరం నుంచి ట్రాక్ మనుషులు వచ్చారు. కబురు ఎవరు పంపారో తెలియదు. మొదటి బండి దగ్గర నిలబడ్డది ఆ పసుపు హెల్మెట్ కుర్రాడే. ఇప్పుడు కుర్రాడు కాదు, గడ్డం నెరుస్తోంది. మామయ్యని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అత్తని ఎక్కించిన ఆమె బడి వాన్ ముందు కదిలింది. వెనక బండ్లన్నీ మనిషి నడిచినంత నెమ్మదిగా కదిలాయి. గాలిని చీల్చడానికి తయారైన ఇంజిన్లు అవి, అంత మెల్లగా పోలేక గురగురమంటున్నాయి. ఒక్క బండి కూడా ఇంకోదాన్ని దాటలేదు. శ్మశానం దగ్గర వాన్ ఆగింది. మామయ్య కూర్చున్న బండి ఇంజిను ఆగింది. దాని వెనకది ఆగింది. ఆ వెనకది. ఆ నిశ్శబ్దం ఒక్కొక్క బండినీ తాకుతూ, పామాయిల్ చెట్ల మధ్యగా, మలుపు తిరిగి మాకు కనిపించని చివరి బండి దాకా వెళ్లింది.