టీ దుకాణంలో రాజ్యసభ ఓటు

ఈ ఉదయం శ్రీకాకుళం బస్టాండు ఎదుట టీ దుకాణంలో రాజ్యసభ ఎన్నికల సంస్కరణ మీద నెత్తురు కారింది. ఆ ఎన్నికల్లో ఎమ్మెల్యే తన ఓటును పెట్టెలో వేసే ముందు సొంత పార్టీ ఏజెంటుకు చూపించాలి. ఆ నిబంధన ఉండాల్సిందేనని మా వీధి అప్పారావు, ఎత్తివేయాలని అతని బావమరిది రమణ వాదించుకుంటున్నారు. రమణ ఉండేది అప్పారావు ఇంట్లో, పనిచేసేది అతని సిమెంటు కొట్లో. వాదన తేల్చుదామని నేనే, “రహస్య ఓటు కావాలనేవారు చేతులెత్తండి” అన్నాను. అందరి ముందూ రమణ ఒక్కడే ఎత్తాడు.

“నా కూడు తిని నాకే ఎదురు సెయ్యెత్తుతావేటిరా?” అంటూ అప్పారావు చేతిలోని గాజు గ్లాసుతో అతని ముఖం మీద కొట్టాడు. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి దిగింది. రెండో దెబ్బ పడకుండా మేం అప్పారావును గోడకు అదిమి పట్టుకున్నాం.

ఆసుపత్రిలో కన్ను దక్కిందని డాక్టరమ్మ చెప్పాక, కుట్లు వేయించుకుంటూనే రమణ, వెంట వచ్చిన అప్పారావును అడిగాడు: “ఇప్పుడు సెప్పు బావా, ఓటు సూపించాలేటి?”

“నోరు ముయ్యరా, కుట్లు ఊడిపోతాయి” అన్నాడు అప్పారావు.

రహస్య ఓటు కావాలా అన్న ప్రశ్నను చేతులెత్తించి అడిగిన తెలివి నాది. మీ అభిప్రాయం తెలపండి. మీకు అన్నం పెట్టేవారు ఈ పేజీ చూస్తుంటే మాత్రం ఇన్‌బాక్సులో తెలపండి.