దానిమ్మ చెట్టు పట్టిన రోజా

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీయండి, చెవులు నాకిస్తే చాలు. ఆ రోజుల్లో కొత్త కోడలంటే ఎవరేం చెప్పినా తల ఊపేది, సగం అర్థం చేసుకొని మొత్తం చేసేది. నేనైతే ఆ విద్యలో అందరికన్నా ఒక ఆకు ఎక్కువే చదివాను (బడిలో చదివింది రెండు తరగతులే).

ఉప్పునుంతలలో మా అత్తగారింటి వాకిట్లో ఒక పూల దానిమ్మ ఉండేది. కాయ కాయదు, ముద్దగా ఎర్రటి పువ్వు పూస్తుంది, చూసుకోవడానికే. మామ గద్వాల నుంచి తెచ్చి నాటి చేతులు దులుపుకున్నాడు. మూడేళ్ళయినా ఒక్క మొగ్గ లేదు. తొలి పువ్వు దేవునికని అత్తమ్మ మొక్కుకున్నది. అటు లింగాలలో మా అన్న పెండ్లి నెలన్నరలో పడ్డది. పోతానంటే అత్తమ్మ, "మొక్కు తీరకుండ శుభకార్యానికి గడప దాటొద్దు పిల్లా. చెట్టు పూయనీ, పంపిస్త" అన్నది. ఇక నా ప్రాణమంతా ఆ చెట్టు మీదే. పొద్దున కడవ, సందేళ కడవ, నడుమ బియ్యం కడిగిన నీళ్ళు.

ఒకనాడు మాలీ తాత వచ్చాడు (వనపర్తిలో తోటపని చేసి ముసలితనంలో మా ఊరు చేరినాయన). చెట్టు చుట్టూ తిరిగి నవ్వాడు. "బిడ్డా, ఇది కడుపు నిండ తాగుతుంది, ఆకులేసుకుంట కూసుంటుంది. పూయనీకి దీనికేం పరేషాన్ ఉన్నది? ఒక నెల రోజా పెట్టు, గప్పుడు సూడు."

రోజా నాకు తెలియనిదా? మా పక్కింటి సాయిబులు రంజాన్ నెలలో పట్టే ఉపవాసమే గదా. తెల్లవారకముందు తింటారు, పొద్దుగూకినాక తింటారు, నడుమ నీటి చుక్క ముట్టరు. సరే, కోడి కూయకముందు ఒక కడవ, పొద్దుగూకినాక ఒక కడవ పోశాను. పగలంతా కాపలా. అత్తమ్మ చేయి కడగబోతే అడ్డం నిలబడ్డాను. "అత్తమ్మా, జర అవతల కడుగుండ్రి, చెట్టు రోజా చెడిపోతది!"

"ఏందే, ఎండకు గిట్ట తలకాయ తిరిగిందా?" అని ఆమె అవతలికి పోయింది.

నెల తిరిగింది. చెట్టు చిలక రెక్కల్లాగా నిగనిగలాడుతున్నది, మొగ్గ మాత్రం లేదు. పెండ్లి పది రోజుల్లోకి వచ్చింది. మాలీ తాత చూసి నోరు తెరిచాడు. "రోజా పెట్టమంటి గద?"

"పెట్టిన తాతా, ఒక్కపూట తప్పలేదు. కోడి కూయకముందు ఒక కడవ, పొద్దుగూకినంక ఒక కడవ."

"అల్లా! చెట్టుకు సహరీ, ఇఫ్తారీ గూడ పెట్టినవా! నీళ్ళు బందు పెట్టమంటే గదేంది బిడ్డా!"

అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి ఆగిపోయింది. "అన్నా, నేను గూడ పోసిన. రోజా అంటే మన ఒక్కపొద్దే గద, ఒక్కపూట పెట్టొచ్చని, ఈ పిల్ల కునుకు తీసే యాళ్ళ ఒక చెంబు..." తాత ఆమె వైపే చూస్తున్నాడు. "...బిందెనే అనుకో."

తాత తలపాగా తీసి కూలబడ్డాడు. "మూడు పూటలా మేపిండ్రు! మీరిద్దరు ఇంట్ల ఉన్నన్ని దినాలు ఇది పస్తుండదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఇక పెండ్లి చూడనని. అత్తమ్మ నా గదవ పట్టుకొని పైకెత్తింది. "ఏడ్వకు. మనం ఊర్ల లేకుంటెనే దీని ఉపాసం సాగుతది, అది సాగితెనే నా మొక్కు తీరుతది. దేవుడు గింత తెల్వనోడా? మూట కట్టు, ఇద్దరం పోదాం." ఇంట్లో ఉండే మగవాళ్ళతో భయం లేదు, వాకిట్లో చెట్టున్న సంగతే వాళ్ళకు గుర్తుండదు.

పెండ్లి, ఆ తరువాత పదహారు రోజుల పండుగ కూడా చూసుకొని ఎడ్లబండిలో తిరిగొచ్చాము. చెట్టు ఆకులన్నీ రాల్చి పుల్లల కట్టలాగా నిలబడి ఉన్నది. "ఇప్పుడు పొయ్యుండ్రి" అన్నాడు తాత. పోశాము. చిగురుతోపాటే నిప్పుకణికెల్లాంటి మొగ్గలొచ్చాయి. తొలి పువ్వు దేవునికి పోయింది, రెండోది అత్తమ్మ నా కొప్పులో పెట్టింది.

ఇప్పుడు నా తలలో పువ్వు నిలిచేంత కొప్పు లేదు. పట్టపగలు కట్టె పట్టుకొని చెట్టుకు నీళ్ళు తగలకుండా కావలి కాసిన ఆ పిల్ల ఎదురుపడితే మాత్రం కసరను. నవ్వాపుకొని, నువ్వేమన్నా తిన్నావా బిడ్డా అని అడుగుతాను. మీ కుండలో నీళ్ళు, మీ ఇంట్లో నవ్వు ఎన్నడూ ఎండకుండుగాక, మీ ఆడబిడ్డలు పుట్టింటి పెండ్లిండ్లకు వేళకు చేరుదురుగాక.