పరదేశంలో పైడమ్మను మా ఇంటికి పంపిన దేవుడు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు సహోదరీ సహోదరులారా. కాలు కింద పెడితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి నా సాక్ష్యం మొదలుపెడతాను, ఎందుకంటే నా జీవితంలో అంతకన్నా చీకటి రోజు లేదు.

నా పేరు కరుణ, మాది దువ్వాడ. మా ఆయన ప్రకాశ్ విశాఖ పోర్టులో క్రేన్ నడపడం నేర్చుకుని, ఒమాన్‌లో ఒక రేవు పట్టణంలో ఉద్యోగం వస్తే నన్నూ అక్కడికి తీసుకెళ్ళారు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, మూడోసారి నిలిచిందని సంతోషించేలోపే మంచం దిగొద్దన్నారు. ఆయన షిఫ్టుకి వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే. మంచినీళ్ళు తెచ్చుకోవాలన్నా భయం, తుమ్మాలన్నా భయం.

ఇంటి పనికి మనిషిని పెట్టుకుందామని ఒక ఏజెంటుని అడిగాం. అతను మనిషి గురించి చెప్పకముందే పద్ధతులు చెప్పాడు. పాస్‌పోర్టు మీ బీరువాలో పెట్టుకోండి, ఫోను ఇవ్వకండి, బయటికెళ్తే తాళం వేసుకుని వెళ్ళండి అన్నాడు. అలా మనిషిని తెచ్చుకోవడం కంటే మన కష్టం మనం పడదాం అనుకుని ఊరుకున్నాం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళి తీశాను. చెప్పుల్లేని కాళ్ళతో, చెమటలు కారుతూ ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది.

"అమ్మా, నాను పెందుర్తి కాడ మనిషిని, పైడమ్మ అంతారు. ఎనక సందులో పెద్ద మేడలో పని సేత్తన్నాను. మీ ఇంటాయన బాల్కనీలో ఫోను మాటాడతంటే మన మాటే అని ఇన్నాను. నన్ను కొంచెం దాసండమ్మా" అంది.

"ఏటయింది అక్కా?" అన్నాను.

"సాన్నాళ్ళయి జీతం నేదు. అడిగితే గదిలో ఎట్టి గెడేసీసినారు. ఇయాల ఎవరు తీసినారో తెల్దు, గెడ తీసుంటే పరుగెట్టి వచ్చీసినాను."

సహోదరులారా, ఆమెను లోపలికి రమ్మన్నాను గానీ భయం మాత్రం వదల్లేదు. యజమాని ఇంటి నుంచి పారిపోయిన మనిషిని దాచడం అక్కడ నేరమని అందరూ అంటారు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన ప్రకాశ్ ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. సంగతంతా విని నాతో మెల్లగా, "తెలిస్తే నా ఉద్యోగం పోద్ది, జైలని కూడా అంతారు. కానీ ఈవిడ్ని తిరిగి ఆ ఇంటికి పంపితే మనం ఏటి మనుసులం కరుణా" అన్నారు. అంత భయంలో కూడా ఆ మాట ఆయన నోట పలికించినందుకు దేవునికి స్తోత్రం.

వెంటనే మన ఎంబసీకి ఫోను చేశారు. పండగ సెలవులు, ఆఫీసు తెరవగానే ఆమెను తీసుకురండి, అందాకా బయటికి పంపకండి అన్నారు. ఆ సెలవులు ఎలా గడిచాయో ఆ దేవునికే తెలుసు. కింద కారు ఆగితే మా కోసమే అనుకునేవాళ్ళం. లిఫ్టు మా అంతస్తులో ఆగితే లైట్లు ఆర్పేసేవాళ్ళం. మేడ మనుషులు వచ్చి ఆమె ఆనవాళ్ళు చెప్పి అడిగారని మా వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట విన్న పూటే నాకు రక్తం కనబడింది.

ప్రకాశ్ పనిలో ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు. పైడమ్మ నన్ను పడుకోబెట్టి, కాళ్ళ కింద దిళ్ళు పెట్టి, నా పాదాలు పట్టుకుని కూర్చుని తన పైడితల్లి అమ్మవారిని పిలుస్తోంది. నేను నా ప్రభువుని పిలిచాను. "తండ్రీ, నా కడుపులో బిడ్డను చూడు, ఈ అక్కను చూడు, ఎవరి కోసం ముందు అడగాలో నాకు తెలియడం లేదు, మా ఇద్దరినీ ఒక్కసారే చూడు" అని ఏడ్చాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు రాలేదు. కాసేపటికి రక్తం ఆగింది, భయం మాత్రం ఆగలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన ఇంట్లో ఉండగానే ఆ మేడ కారు వచ్చింది. పైడమ్మ కిటికీలోంచి చూసి "అయిపోనాదమ్మా, వచ్చీసినారు" అని వంటగదిలో నేల మీద కూలబడింది. తలుపు తీస్తే పోలీసులు కాదు. డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆ ఇంటి ముసలావిడ, యజమాని తల్లి, ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఆమె అరబీలో చెప్పింది, డ్రైవరు హిందీలో మా ఆయనకు చెప్పాడు. ఆ రోజు పైడమ్మ గది గెడ తీసింది ఆమేనట. పైడమ్మ మా మెట్లెక్కడం ఆ డ్రైవరు చూసి, కొడుక్కి చెప్పకుండా ఈ ముసలావిడకే చెప్పాడట. "ఒకరు పట్టుకోందే లేవలేని నన్ను ఈమె ఇన్నాళ్ళు ఎత్తి స్నానం చేయించింది, ఈమె కష్టానికి బాకీ ఉంచుకుని నేను చనిపోలేను" అని కొడుకుతో తగువు పడి వచ్చిందట. నల్లని బురఖాలోంచి పాస్‌పోర్టు తీసి పైడమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. దేవుడు ఎవరి మనసులో పని చేస్తాడో మనం చెప్పలేము.

సెలవులయ్యాక ఎంబసీ వాళ్ళ సాయంతో, అధికారుల ముందు ఆ కొడుకు పైడమ్మను పని నుంచి వదులుతున్నట్టు సంతకం పెట్టాడు, ఆపిన జీతమూ ఇచ్చాడు. ఇంటికి టికెట్టు తీయమంటావా అని మేము అడిగితే పైడమ్మ ఆలోచించి, "కొన్నాళ్ళు మీకాడే పని సేత్తానమ్మా. కానీ పాసుపోర్టు నా కాడే ఉంటాది" అంది.

"అది నీదే కదా అక్కా" అన్నాను.

సహోదరులారా, ఆమె వీసా మా పేరు మీదికి మార్పించాం. ఒప్పందం తెలుగులో చదివి వినిపించాం. జీతం ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడేది, శుక్రవారం ఆమెకు సెలవు, రోజూ పిల్లలతో ఫోనులో మాట్లాడుకునేది. ఆ ఖర్చు కోసం పెందుర్తిలో స్థలం కొనాలన్న ఆశ వెనక్కి పెట్టాం. ఒక్కనాడూ కొరత అనిపించలేదు.

నెలలు నిండాక నాకు ఆడపిల్ల పుట్టింది, కృప అని పేరు పెట్టుకున్నాం. బిడ్డకు మొదటి స్నానం పోసింది పైడమ్మే. ఇప్పుడు ఆమె తన ఊళ్ళో తన పిల్లల దగ్గర ఉంది. మన సంఘంలో చేరలేదు, నేను బలవంతపెట్టలేదు. కానీ కృపకు జ్వరమని తెలిస్తే నాకంటే ముందు ఏడుస్తుంది. సమస్త మహిమ దేవునికే.

మీలో ఎవరైనా ఈ రోజు భయంతో కూర్చుని ఉంటే, ధైర్యం వచ్చాక ప్రార్థన చేద్దామని ఆగకండి. నాకు ఆ రోజుల్లో ధైర్యం రానేలేదు. వణుకుతూనే పిలిచాను, ఆయన విన్నాడు.