లందలో దాచిన చర్చి గంట

మొన్న ఆదివారం మా చర్చిలో గంట మైకులో మోగింది. ఎవరో సెల్లులోంచి పెట్టారట, మా మనవరాలు చెప్పింది. శబ్దం చక్కగానే ఉంది కానీ, నాకెందుకో ముక్కుకు ఏదో తక్కువైనట్లనిపించింది. గంటకు ముక్కుతో పనేమిటని చిన్నవాళ్లు నవ్వుతారేమో, మా ఈడువాళ్లు నవ్వరు.

మా చిన్నతనంలో ఇబ్రహీంపట్నం పెద్దచెరువు చుట్టుపక్కల బావుల్లో నీళ్లు తోడే తోలు మోటలన్నీ మా వాడలోనే తయారయ్యేవి. తోళ్లు నానబెట్టే లంద తొట్టి మా ఇంటి వెనకే ఉండేది. తంగేడు చెక్క వేసిన ఆ ఎర్రనీళ్ల వాసనకు ఊళ్లోవాళ్లు ముక్కు మూసుకొని చుట్టుదారిన పోయేవారు గానీ, మా మోట లేనిదే వాళ్ల మడి తడిసేది కాదు. వాడ చివర గడ్డికప్పు చర్చి, దాని ముందు వేపకొమ్మకు కంచు గంట. దాన్ని వాయించేది మా నాన్న, మా బాపు.

పోలీసు యాక్షన్‌కు ముందటి రోజుల్లో, తుపాకులవాళ్లు వస్తున్నారంటే బాపు గంట కొట్టేవాడు. ఆడవాళ్లూ పడుచువాళ్లూ జొన్నచేలలో దాక్కునేవారు. సంగతి తెలిసి, గంటనూ కొట్టినవాణ్నీ కలిపి పట్టుకుపోతామని వాళ్లు కబురు పెట్టారు. బాపు వెంటనే గంటను దించి, గోనెలో చుట్టి, లందలో తోళ్ల కింద దాచాడు.

వాళ్లు రానే వచ్చారు. చర్చి వెతికారు, ఇల్లు చిందరవందర చేశారు, బాపును గోడకు నిలబెట్టారు. ఒకడు లంద దాకా వచ్చి ఆగాడు. నాయనమ్మ కర్రతో తోళ్లు కలుపుతూనే, "దిగి దేవులాడుకో బిడ్డా. లాగు నానితే మళ్ల నా మీద కోపం జెయ్యకు. నీ పెండ్లాం గడప తొక్కనియ్యది" అంది. వాడు ముక్కుకు చేయి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగాడు. గంట దొరక్క బాపును వదిలేసి పోయారు. వాళ్లు వాడ దాటేదాకా నాయనమ్మ తోళ్లు కలుపుతూనే ఉంది, నేను ఆమె చీర పట్టుకొనే నిలబడ్డాను.

యాక్షన్ అయి భయం తగ్గాక బయటికి తీస్తే గంట నల్లబడిపోయి ఉంది. చింతపండుతో ఎంత తోమినా లంద వాసన వదల్లేదు. చర్చి పంతులు ఇబ్బందిగా, "జర కొన్ని దినాలు ఎండల పెడదామా అవ్వా?" అన్నాడు.

"దేవునికి మన వాసన కొత్తనా పంతులూ? కట్టు" అంది నాయనమ్మ.

కట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, వాన పడితే చాలు, గంట దగ్గర సన్నగా తంగేడు వాసన వచ్చేది.

బావులకు మోటార్లు వచ్చాక మోటలు పోయాయి. లంద ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు. మా పిల్లలు ఆ కష్టం తప్పించుకున్నందుకు నాకు సంతోషమే. పాత గంట చర్చి వెనక గదిలో విరిగిన కుర్చీల మధ్య ఉంది. మొన్న అందరూ పోయాక వంగి దానికి ముక్కు ఆనించాను. ఏ వాసనా రాలేదు. నా ముక్కే ముసలిదైందో, అదే మమ్మల్ని మరిచిపోయిందో.