ఇరవై ఐదు చీటీలు

పన్నెండేళ్ళ నాలుగు నెలలుగా ఒక కవరు దాస్తున్నాను. ఇప్పుడది నా ఇనప్పెట్టెలో, చీరల అడుగున ఉంది. తూకం వేస్తే వంద గ్రాములుండదు. రెండుసార్లు ఇల్లు మారాను. రెండుసార్లూ దాన్ని నా చేతిసంచిలోనే పెట్టుకున్నాను, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. నాకిప్పుడు అరవై ఆరు. మొయ్యడం విసుగొచ్చింది. మీకు చెబుతున్నది క్షమించమని కాదు. క్షమించవలసిన మనిషి లేరు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఊరి పేరు చెప్పను. చెబితే నన్ను పోల్చుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పిల్లల పుస్తకాలకు నేనొక పద్ధతి పెట్టాను. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు, అది ఎలా ఉందో పావు ఠావు కాగితం మీద రాసి, పేరు, తరగతి, తేదీ వేసి ఇవ్వాలి. చీటీ ఇస్తేనే ఇంకో పుస్తకం. పుస్తకానికొక కవరు చొప్పున ఆ చీటీలు బీరువాలో దాచేదాన్ని. ఇది పైనుంచి వచ్చిన నియమం కాదు, నా సొంతం. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. మెచ్చుకున్న ప్రతిసారీ కవర్లు ఇంకాస్త శుభ్రంగా సర్దేదాన్ని.

1995 జూన్‌లో మా లైబ్రరీకి ఒక నవల వచ్చింది. రాసినావిడ మా ఊళ్ళోనే ఉండే సుభద్ర టీచరుగారు. రోజూ బస్సెక్కి పక్క ఊరి హైస్కూలుకు వెళ్ళి సైన్సు చెప్పేవారు. అంతకుముందు ఆరేళ్ళు రంపచోడవరం వైపు, కొండల్లో, ఆశ్రమ పాఠశాలలో పనిచేశారు. ఆవిడ నవల ఆ కొండల్లోదే. వాగు పొంగి, ఒక పదమూడేళ్ళ పిల్ల తమ్ముడి నుంచి విడిపోతుంది. అడవిలో ఒంటరిగా తొమ్మిది రోజులు బతికి బయటపడుతుంది. చేతిలో ఉన్నదల్లా ఒక అగ్గిపెట్టె, అందులో పదకొండు పుల్లలు. తమ్ముడు ఏమయ్యాడో తేలకుండానే పుస్తకం అయిపోతుంది. అది రెండో భాగంలో అని చివరి పేజీలో ఉంది.

నేను పెన్సిలు పట్టుకుని చదివాను. నాకు ఇంకోలా చదవడం రాదు. పదకొండు పుల్లలున్న పెట్టెలోంచి ఆ పిల్ల పద్నాలుగు పుల్లలు గీసింది. మూడో రాత్రి పున్నమి, ఎనిమిదో రాత్రి మళ్ళీ పున్నమి. ఇలాంటివి మొత్తం తొమ్మిది తప్పులు. పేజీ నంబర్లతో రాసి టీచరుగారికి ఇచ్చాను. ఆవిడ చదివి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మీకు కనపడకుండా అగ్గిపెట్టె దాచుకోవాలండి బాబూ. పిల్లలు పుల్లలు లెక్కెడతారేంటండీ, ఆ పిల్ల బతికిందా లేదా అని చూస్తారు గానీ."

అందులో ఎగతాళి లేదు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ నవ్వు నా ఒంటికి దురదగొండాకు రాసుకున్నట్టు పట్టుకుంది. నేను ఇష్టపడి, ఏరి తెప్పించిన పుస్తకాలకు పిల్లలు ‘బాగుంది’ అని ఒక్క ముక్క రాసి పారేసేవారు. ఈ నవలకు మాత్రం కాగితం రెండు పక్కలా రాసేవారు. ఒకరి చీటీ ఒకరు చదువుకుని నవ్వుకునేవారు. తప్పులున్న పుస్తకాన్ని అంతగా ఎలా ఇష్టపడతారు? నా కోపం తప్పుల మీదేనా? కాదు. కాదని తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టలేదు, ఆ వారమే తెలిసింది. తెలిసి కూడా తప్పుల మీదే అని నాకు నేను చెప్పుకున్నాను.

1996 నవంబరు తుఫాను నాటికి ఆ పుస్తకం మంగ దగ్గర ఉంది. మంగ ఏడో తరగతి. మా ఊళ్ళో పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. జ్వరమొచ్చి, అల్లవరం అవతల ఉన్న తన ఇంటికి వెళ్ళింది, పుస్తకం పట్టుకునే వెళ్ళింది. డిసెంబరులో తిరిగొచ్చి, తడిసి ఉబ్బి రొట్టెలా అయిపోయిన పుస్తకాన్ని, దాని మీద చీటీని నా బల్ల మీద పెట్టింది. ఆ చీటీ ఇప్పుడు నా ముందుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

‘మా ఇల్లు పడిపోయింది. బడి డాబా మీద మూడు రోజులు ఉన్నాం. మేం తొమ్మిది మందిమి. పదిహేడు కొబ్బరి బొండాలు దొరికాయి. ఆ అమ్మాయి అగ్గిపుల్లలు దాచుకున్నట్టు నేను బొండాలు లెక్కపెట్టి, ఇవాళ ఇన్ని, రేపు ఇన్ని అని చెప్పాను. పెద్దవాళ్ళు కూడా నా మాట విన్నారు. భయం వేసినప్పుడు చేతులకి ఏదో ఒక పని ఇవ్వాలని పుస్తకంలో ఉంది కదా. వాళ్ళ తమ్ముడు దొరుకుతాడా? టీచరుగారిని అడిగి చెప్పండి.’

లెక్క తప్పిన పుస్తకం చదివి ఒక పిల్ల లెక్క నేర్చుకుంది. నేను ఇరవై రెండేళ్ళు అక్కడ కూర్చుని ఎవరికైనా అంత నేర్పానా?

1997 ఆగస్టులో, ఒక గురువారం మధ్యాహ్నం టీచరుగారు వచ్చారు. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, బల్లకు ఎదురుగా కూర్చున్నారు.

"రెండోది రాసేసేనండి. అచ్చుకిద్దామంటే ధైర్యం చాలటం లేదు. మా బళ్ళో పిల్లలు నా మొహం మీద బాగుందనే అంటారు కదండీ, మార్కులేసేది నేనే ఆయె. మీరు రాయించిన చీటీలు ఓసారి ఇస్తారేంటి? రేపు మీకెలాగూ శుక్రవారం సెలవు. చదువుకుని ఎల్లుండి పట్టుకొచ్చేస్తాను. పిల్లలు ఎలా అంటే అలాగేనండి. వద్దంటే మానేస్తాను."

బీరువా దగ్గరకు వెళ్ళాను. ఆవిడకు నా వీపే కనిపిస్తోంది. కవరులో ముప్పై ఒక్క చీటీలున్నాయి. నాకు ఒక్కొక్కటీ తెలుసు. మెచ్చనివి ఆరు. ‘బొమ్మలు లేవు.’ ‘పులి ఒక్కసారే వచ్చింది, అదీ దూరంగా.’ ‘మా ఊళ్ళో కొండలు లేవు కాబట్టి నాకు ఉపయోగం లేదు.’ ‘అన్నం ఎప్పుడు తింటుందా అని చదివాను, తినేసరికి పుస్తకం అయిపోయింది.’ ‘కొబ్బరిచెట్లు లేని చోటికి ఎందుకు వెళ్ళాలి?’ ఆరోది, ‘అగ్గిపుల్లలు పదకొండే, పద్నాలుగు సార్లు గీసింది, లెక్క తప్పు.’

ఆరూ తీశాను. మిగిలినవి కవరులోనే ఉంచి బీరువా మూశాను. తాళం కూడా వేశాను. అది నాకు బాగా గుర్తు.

టీచరుగారు చీటీలు లెక్కపెట్టుకున్నారు.

"ఇవేనాండీ?"

"ఆయ్."

"రెండేళ్ళకి ఆరుగురు చదివేరన్నమాట. సర్లెండి, ఎవరూ ముట్టుకోపోతే ఏం చేసేవాళ్ళం."

శనివారం వచ్చారు. చీటీలు తనే ఉంచుకుంటానన్నారు. ఉంచుకోమన్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"లెక్కెట్టేరండి పిల్లలు. మీరు చెప్పిననాడు నవ్వేను."

అంతే. రెండో పుస్తకం రాలేదు.

చాలా ఏళ్ళు నాకు నేను ఒకటి చెప్పుకునేదాన్ని. నేను ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు, ఒక్క చీటీ చింపలేదు, ఆ ఆరూ పిల్లలు రాసినవే, నేను చేసిందల్లా కొన్ని ఇవ్వకపోవడం అని. ఇదిగో, ఇక్కడ కూడా అదే చెప్పి ఊరుకోబోయాను. లేదు. ఆరో చీటీ నేను రాయించింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పుస్తకం తీసుకుంటుంటే, "పుల్లలు ఎన్ని గీసిందో లెక్కపెట్టి రాయి, చూద్దాం నీ తెలివి" అన్నాను. ఆ పిల్ల రాసింది. ఏ పిల్లా తనంతట తాను పుల్లలు లెక్కపెట్టలేదు. టీచరుగారు చెప్పిందే నిజం. నేను అది అబద్ధం చేసి చూపించాను.

మంగ నెలల తరబడి అడిగింది, టీచరుగారు ఏమన్నారండీ అని. తనే వెళ్ళి అడగడానికి దానికి జంకు. ఇంకా కనపడలేదమ్మా అన్నాను. టీచరుగారు మా లైబ్రరీ ఉన్న వీధిలోనే, మూడో ఇంట్లో ఉండేవారు. కొన్నాళ్ళకు మంగ అడగడం మానేసింది. అడగని రోజున మొదట నాకు తేలిగ్గా అనిపించింది. అది కూడా చెప్పాలి కదా.

2001లో రిటైరయిన నాడు కవరు ఇంటికి తెచ్చుకున్నాను. పారేయలేక తెచ్చుకున్నానా, ఎవరికీ దొరక్కూడదని తెచ్చుకున్నానా? రెండూ. 2004లో టీచరుగారు పోయారు. పన్నెండో రోజు వెళ్ళాను. వాళ్ళ చెల్లెలుగారు, అక్కయ్యవి కొన్ని పుస్తకాలున్నాయండి చూడండి, అంటూ ఒక దొంతర ముందు పెట్టారు. అందులో నవల, ఆవిడ సొంత ప్రతి. పుల్ల గీసిన ప్రతి చోటా పక్కన పెన్సిలుతో అంకె. ఒకటి నుంచి పదకొండు దాకా. మిగిలిన మూడు చోట్ల కొట్టేసి, చెకుముకి రాయితో నిప్పు చేసుకున్నట్టు అంచున తిరగరాశారు. రెండో పున్నమిని సన్నటి నెలవంక చేశారు. అది కూడా తప్పే. పున్నమి తరవాత అయిదో రోజుకు చంద్రుడు అంత తరగడు. ఆ మాట నా మనసులోకి వచ్చింది. శవం లేచిన ఇంట్లో కూర్చుని నేను ఆ లెక్క వేశాను. ఆరు చీటీలూ వెనక అట్టలో మడిచి ఉన్నాయి.

రెండో పుస్తకం రాతప్రతి ఏదండీ అని అడిగాను.

"ఎక్కడిదండి. కాగితాలు వెనకపక్క తెల్లగా ఉన్నాయి కదా అని ట్యూషన్ పిల్లలకి లెక్కలు చేసుకోడానికి ఇచ్చేసేది. అన్నీ అలాగే అయిపోయేయి."

కాఫీ ఇచ్చారు. తాగాను.

కిందటేడు అమలాపురం బస్టాండులో ఒకమ్మాయి, చంకలో పిల్లతో, వచ్చి నన్ను పలకరించింది. పోల్చుకోలేదు. "నేనండీ, మంగని. పుస్తకం నానబెట్టి తెచ్చేనే, నేనే" అని నవ్వింది. యోగక్షేమాలయ్యాక, బస్సు కదులుతుందనగా అడిగింది. "ఇంతకీ ఆ తమ్ముడు దొరికేడాండీ?"

తెలియదమ్మా అన్నాను. ఆ విషయంలో నేను ఆడిన మొదటి నిజం అది. నిజమే, నాకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ చెప్పకుండా పోయారు, నావల్ల. ఆ కాగితాల వెనక కూడికలు, తీసివేతలు చేసిన పిల్లలకు కాగితం తిప్పి చూస్తే తెలిసి ఉండేది. ఎవరైనా తిప్పి చూశారేమో. ఆ ఆశ పెట్టుకునే హక్కు నాకు లేదు, అయినా పెట్టుకున్నాను.

ఇవాళ కవరు తీసి మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఐదూ ఉన్నాయి. మంగది అందరికంటే పైన పెట్టాను. ఏం చేయాలో తెలియదు. ఇద్దామంటే అందుకునే చెయ్యి లేదు. ఆ గురువారం మధ్యాహ్నం, ఇవేనాండీ అని ఆవిడ అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు మాత్రం, ఇన్నాళ్ళకు, మీకు చెబుతున్నాను.

కాదండీ. ఇంకా ఇరవై ఐదు ఉన్నాయి. కూర్చోండి, తెస్తాను.