మా ఇంటి వంతు

తొంభైల్లో మాట. మా పుట్టిల్లు పులికాట్ సరస్సులోని చిన్న దీవిలో. రాతకోతలు లేని ఊరు. పెళ్లయినా చావయినా ఆ ఇంటి పెద్దల పేర్లు వరసగా చెప్పడానికి మా తాతనే పిలిచేవాళ్లు.

తాత పడవ దిగుతూ జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరులో కట్టు కట్టించి శ్రీకాళహస్తిలో మా ఇంట్లో ఉంచుకున్నాం. ఇంతలో జ్వరం పట్టుకుంది. డాక్టరు పెదవి విరిచాడు. తాతతో పాటే దీవి మొత్తం పోతుందని భయమేసి, టేప్ రికార్డరు తెచ్చి మంచం మీద పెట్టాను. ఆయాసపడుతూనే ఒక్కో ఇల్లూ చెప్పాడు.

"ఇంక మన ఇల్లు చెప్పు తాతా" అన్నాను.

"మన పెద్దోళ్లను మనమే చెప్పుకోకూడదు మే. వేరే ఇంటోళ్లు చెప్పల్ల."

"మన ఇంటి పేర్లు చెప్పే ఆ వేరే ఇంటి ముసలాయన పోయినాడు గదా. ఇంకెవరుండారు?"

తాత నా మెడలో తాళి వైపు చూశాడు. "పెండ్లయి నువ్వు వేరే ఇంటిదానివైతివి. నువ్వు చెప్పు. తప్పయితే తల అడ్డంగా ఊపుతా."

తాత పేరు, వాళ్ల నాయన పేరు, ఆయన నాయన పేరు చెప్పాను. ఆపైన నాకు తెలియదు. నేర్పాల్సిన మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. తాత చేతులు పట్టుకుని బతిమాలాను. నోటికొచ్చిన పేరల్లా అన్నాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ పెదవి విప్పలేదు. మర్నాడు పోయాడు.

ఇప్పటికీ దీవివాళ్లు వచ్చి ఆ టేపులో తమ ఇంటి వంతు విని, కళ్లు తుడుచుకుని వెళతారు. మా ఇంటి వంతు నేనొక్కదాన్నే వింటాను. అందులో మూడు పేర్లు, ఆ తర్వాత ఏడుస్తూ తప్పు మీద తప్పు చెబుతున్న నా గొంతు.